కొండమీది ఊళ్లో ఒక గంట తేడా

మీ ఫోన్లకి ఏ దేశంలో దిగితే ఆ దేశపు టైం దానంతటదే వచ్చేస్తుంది. అందుకని నేను చెప్పబోయే పొరపాటు మీరు తలకిందులుగా తపస్సు చేసినా చెయ్యలేరు. ఆ విషయంలో మీ మీద నాకు కొంచెం జాలి కూడా ఉంది. నా ఉద్యోగం మొత్తంలో నేను సిగ్గుతో చచ్చిపోయిన రోజూ, సంతోషంతో గంతులేసిన రోజూ ఒకటే. అది ఆ పొరపాటు చేసిన రోజు.

ఇప్పుడంటే రిటైరై హాబ్సన్‌విల్‌లో తీరిగ్గా మొక్కలకి నీళ్లు పోసుకుంటున్నాను గానీ, అప్పట్లో వెల్లింగ్టన్‌లో ఒక చిన్న ట్రావెల్ ఏజెన్సీలో పని. ముగ్గురమే ఉండేవాళ్లం. ఓనరు కివీ, అంటే న్యూజిలాండ్‌లోనే పుట్టి పెరిగినవాడు. బయట గాలికి గొడుగులు తిరగబడుతున్నా ఆయన మాత్రం నిక్కరు వదలడు. టికెట్ల డెస్కులో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకతను ఉండేవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు కాబట్టి నాకు తమ్ముడే. మిగతా పనులన్నీ నావి. మనవాళ్లకి ఇండియా టికెట్లు అమ్మడమే మా వ్యాపారం. రెండువేల దశకం మధ్యకొచ్చేసరికి మనవాళ్లు ఇళ్లు కొనుక్కుని, సెటిలై, ఇండియా కాకుండా ఇంకోవైపు కూడా విమానాలు వెళతాయని గమనించారు. తెలుగువాళ్లతో ఇటలీకి ఒక గ్రూపు వేద్దామని నేనే పోరు పెట్టాను. ఓనరు చాలాసేపు గడ్డం గోక్కుని, ఒక్కసారి చూద్దాం, కంప్లయింట్లు వచ్చాయంటే మళ్లీ ఇండియా టికెట్లే అన్నాడు. నేను అప్పటిదాకా ఇటలీ చూసిన పాపాన పోలేదు. ఆ సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

గ్రూపులో చాలామంది వెల్లింగ్టన్ వాళ్లే. పామర్‌స్టన్ నార్త్ నుంచి మాత్రం ఒక్క ఆంటీ. ఆవిడ ఫోన్లో బుక్ చేసుకోకుండా పనిగట్టుకుని బస్సెక్కి ఆఫీసుకొచ్చింది. గుంటూరు దగ్గర మిషన్ ఆసుపత్రిలో నర్సింగు చదివి, మన దేశంలో కొంతకాలం, ఆ తర్వాత పామర్‌స్టన్ నార్త్ ఆసుపత్రిలో రిటైరయ్యేదాకా నర్సుగా చేసిందట. చీర మీద స్వెట్టరు, స్వెట్టరుకి తలకిందులుగా పిన్ను పెట్టుకున్న నర్సు వాచీ. రిటైరైనా దాన్ని మానలేదు. కూర్చుంటూనే మాటలు మొదలుపెట్టింది, టీ చల్లారిపోయినా ఆపలేదు. నా పక్క టేబుల్ దగ్గరున్న తమ్ముడికి బీపీ ఉందని అతని మెడ చూసి చెప్పేసింది.

ఆవిడకి కావలసింది ఒకటే ఊరు. టస్కనీలో ఒక కొండమీద, కోటగోడ లోపల, పాతకాలం నుంచి అలాగే ఉన్న ఊరు. నా ప్లాన్‌లో ఆ ఊరు లేదు. ఎందుకాంటీ అక్కడికే అని అడిగాను.

నర్సింగు స్కూల్లో వాళ్ల పాఠ్యపుస్తకంలో ఒక బొమ్మ ఉండేదట. కొన్ని వందల ఏళ్ల కిందట ఆ ఊళ్లో యాత్రికుల కోసం కట్టిన ఆసుపత్రిలో గోడమీద వేసిన చిత్రం. దెబ్బ తగిలినవాడు ఒకడు బల్లమీద కూర్చుని ఉంటాడు. కింద నీళ్ల పళ్లెం. రెండు చేతులు వాడి పాదాన్ని పట్టుకుని కడుగుతుంటాయి. అంతే, అక్కడికి పేజీ అయిపోయింది. మోచేతుల దగ్గర బొమ్మ తెగిపోయింది.

"ఆ చేతులు ఎవరియో చూడాలమ్మాయ్," అంది ఆంటీ. "పాఠం చెప్పే సిస్టరుని అడిగితే ఎవరో పునీతురాలయ్యుంటుంది అంది. నాకేమో నోరు ఊరుకోదు. డ్యూటీలో కబుర్లు చెప్తున్నానని ఆవిడ తిట్టని రోజు లేదు. చేతులు పేషెంటు దగ్గరుంటే నోరు కూడా అక్కడే ఉండాలనేది. ఇక్కడికొచ్చాక ఈళ్లు కూడా అదే మాట. మంచి నర్సే గానీ మాట్లాట్టం తగ్గించుకోవాలని రిపోర్టులో రాశారు. అట్లా అన్నప్పుడల్లా నాకు ఆ చేతులే గుర్తొచ్చేయి. ఆమె తల దించుకుని, నోరు మూసుకుని, ఎంత శ్రద్ధగా చేస్తుంటదో అనుకునేదాన్ని. ఆమె మొకం ఒక్కసారి చూస్తే చాలు."

మోకాళ్లు ఇంకో ఏడాది ఆగేటట్టు లేవని, అందుకే ఈ ఏడే వెళ్లాలని చెప్పి, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసింది.

ఇక నాకు నిద్ర పట్టలేదు. ఆ బొమ్మ నేను చూడకపోతే నాకే ప్రాణం పోతుందేమో అన్నంత పట్టుదల వచ్చింది. ప్లాన్ అంతా తిరగరాసి ఆ ఊళ్లో రెండు రాత్రులు పెట్టాను. ఆ పాత ఆసుపత్రి ఇప్పుడు మ్యూజియం. కానీ బొమ్మలున్న హాలు మరమ్మతుల్లో ఉంది. ఈమెయిళ్ల మీద ఈమెయిళ్లు పంపగా పంపగా జవాబు వచ్చింది, సగం ఇంగ్లీషు, సగం దేవుడెరుగు. నెలలో చివరి ఆదివారం ఉదయం పది గంటలకి ఒక్క గ్రూపుని లోపలికి పంపిస్తారు. తాళాలావిడ కాసేపు చూస్తుంది, రాకపోతే తలుపేసేస్తుంది. మళ్లీ వచ్చే నెలే. మేం ఆ ఊళ్లో ఉండేది సరిగ్గా మార్చి చివరి ఆదివారం. కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. తమ్ముడు మూలమీది డెయిరీకి, అంటే మన కిరాణా కొట్టులాంటి దానికి, పరిగెత్తి అందరికీ ఐస్‌క్రీములు తెచ్చాడు. ఓనరు ఎందుకో తెలియకపోయినా తిన్నాడు.

తమ్ముడే ఇంకో సలహా కూడా ఇచ్చాడు. "అక్కా, మనోళ్లకు టైం నిజం చెప్తే ఎట్ల? పదింటికి పని ఉంటే తొమ్మిదింటికని చెప్పు. గంట లేటొచ్చిన్రనుకో, సరిగ్గ టైంకొచ్చినట్టే." ఇందులో కొత్తేముంది, మన పెళ్లిళ్లన్నీ నడిచేది ఇలాగే కదా అనుకున్నాను. రోమ్‌లో దిగిన మొదటి రోజు నుంచీ అదే పద్ధతి పెట్టాను. బస్సు పదింటికైతే తొమ్మిది అని చెప్పేదాన్ని. దాదాపు అందరూ పదికి పది నిమిషాల ముందు ఆవులిస్తూ వచ్చేవాళ్లు. బ్రహ్మాండంగా నడిచింది. నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని.

బయల్దేరేముందు ఓనరు ఒక మాట అన్నాడు. గడియారాల మార్పు సంగతి చూసుకో అని. చూసుకున్నాను సార్, అయిపోయింది అన్నాను. నిజంగానే అయిపోయింది. మేం విమానం ఎక్కడానికి ముందు ఆదివారమే న్యూజిలాండ్‌లో వేసవి టైం ముగిసి, దేశమంతా గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంది. ఆ తర్వాత విమానంలో అందరం ఇటలీ టైం పెట్టుకున్నాం. ఇంకా ఏం చూసుకోవాలి?

ఆ ఊరు చేరిన శనివారం నా కాళ్లు నేలమీద లేవు. బస్సు కొండ కిందే ఆగిపోతుంది. కోట ద్వారం దాటి పైకి నడవాలి. రాళ్లు పరిచిన సందులు, రెండు చేతులు చాపితే రెండు పక్కల గోడలూ అందేంత ఇరుకు, నెత్తిమీద బట్టలారేసుకున్న తాళ్లు, ఒక్క మలుపు తిరిగేసరికి ఎదురుగా ఆకాశాన్నంటే బురుజు. నేను ఫొటోల్లో చూసి అమ్మిన ఊరు నిజంగా ఉంది. కొండల మీదే ఇళ్లు కట్టుకున్న వెల్లింగ్టన్ వాళ్లు మాత్రం ఇదేం కొండ, మా ఇంటికి లెటర్ బాక్స్ నుంచి తలుపు దాకా ఇంతకన్నా ఎక్కువ ఎక్కుతాం అని గొప్పలు. పామర్‌స్టన్ నార్త్ అరచేతిలా చదునుగా ఉంటుంది, పాపం ఆంటీకి ఎక్కడం అలవాటు లేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, కనపడ్డ ప్రతి అరుగుమీదా కూర్చుంటూ, ఆ అరుగుమీద ఉన్నవాళ్లతో తెలుగులో మాట్లాడుతూ ఎక్కింది.

మున్సిపల్ భవనంలో మ్యూజియం చూశాం. గోడల నిండా బంగారు ఆకాశం కింద దేవదూతలు. ఇంకో మ్యూజియంలో రోమన్ల కంటే ముందువాళ్ల చితాభస్మం పెట్టిన రాతి పెట్టెలు. ప్రతి పెట్టె మూతమీదా పోయినవాళ్లు మోచేతిమీద ఒరిగి, చేతిలో గిన్నె పట్టుకుని, విందులో ఉన్నట్టు చెక్కి ఉన్నారు. మా గ్రూపులో కడప అంకుల్ ఒకాయన ఉండేవారు, ఇంజనీరు, దేనికైనా కారణం చెప్పందే వదలరు. ఆయన ఆ పెట్టెల ముందు చాలాసేపు నిలబడి, వీళ్లకి చావు మీదకంటే భోజనం మీదే నమ్మకం ఎక్కువున్నట్టుందమ్మా అన్నారు. బురుజు ఎక్కుతామని బయల్దేరినవాళ్లలో సగంమంది సగంలో దిగొచ్చారు. నేను పైదాకా ఎక్కాను. ద్రాక్షతోటలు, మట్టిరంగు కప్పులు, దూరంగా ఇంకో కొండమీద ఇంకో ఊరు. అక్కడ ఎవరూ లేరు కాబట్టి పైకే అరిచాను.

రోమ్ నుంచీ ఒక సంగతి గమనిస్తూనే ఉన్నాను. నేను ఏ టైం చెబితే ఆ టైంకి ఆంటీ ఒక్కతే అక్కడుండేది. మేం వెళ్లేసరికి తలుపు పక్క అరుగుమీద కూర్చుని, టికెట్లిచ్చేవాళ్లతో చేతులు తిప్పుతూ ఏదో చెబుతూ ఉండేది. వాళ్లూ ఇటాలియన్‌లో జవాబు చెబుతూ ఉండేవాళ్లు. పాపం ఆవిడ ఒక్కర్తే నా మాట నమ్ముతోందని మనసులో కొంచెం గుచ్చుకునేది. రేపటితో ఆ బాధ పోతుందిలే అనుకున్నాను.

సాయంత్రం అందర్నీ పోగేసి చెప్పాను. రేపు ఉదయం తొమ్మిదికి పాత ఆసుపత్రి హాలు తలుపు దగ్గర ఉండాలి, ఆలస్యమైతే తలుపేసేస్తారు, ఆంటీ ఎన్నేళ్లనుంచి ఎదురుచూస్తోందో మీ అందరికీ తెలుసు. అందరూ తలలూపారు. కడప అంకుల్ నావైపు చూసి చిన్నగా నవ్వారు. ఆ నవ్వు నాకు అప్పుడు అర్థం కాలేదు.

మా బస సన్యాసినులు నడిపే ఒక పాత కాన్వెంటులో. గదుల్లో టీవీ లేదు, గోడగడియారం లేదు. సెల్‌ఫోన్లు రోమింగ్ బిల్లుకి భయపడి అందరి సూట్‌కేసుల్లో ఆఫ్ అయి పడుకున్నాయి. చేతి వాచీలే దిక్కు.

పొద్దున టిఫినుకి దిగేసరికి అక్కడి సిస్టరు బల్లలు తుడిచేస్తోంది. ఇంకా టైముందని నా వాచీ చూపించి పోట్లాడాను. ఆవిడ కూడా ఏదో గట్టిగా చెప్పింది, అందులో ఆదివారం అన్న ఒక్క మాటే నాకు అర్థమైంది. ఆదివారం కాబట్టి తొందరగా ఎత్తేస్తారు కాబోలు అనుకున్నాను. విసుక్కుంటూనే రొట్టే జామూ పడేసింది. ఆ తర్వాత గదిలో జడ వేసుకుంటుంటే ఊరి గంట మోగింది. నా వాచీలో తొమ్మిది. గంట మాత్రం పది కొట్టింది. ఇంత పాత ఊళ్లో గంటకి కూడా వయసు మళ్లి ఉంటుందిలే అనుకుని జడకి రబ్బరుబ్యాండు పెట్టుకున్నాను. అంతకంటే తెలివైన ఆలోచన ఆ రోజు నాకు ఇంకోటి రాలేదు.

నింపాదిగా బయల్దేరాను. నాకు అసలు టైం తెలుసు కదా, తొందరేముంది? నేను హాలు తలుపు దగ్గరికి చేరేసరికి నా వాచీలో పదికి పది నిమిషాలుంది. మావాళ్లందరూ అప్పుడే నాలుగువైపుల నుంచీ వస్తున్నారు, ఒక్కరు కూడా తగ్గకుండా. చూశారా, గంట ముందు చెప్పబట్టి కదా సమయానికొచ్చారు అని పొంగిపోయాను. తలుపు వేసి ఉంది. ఇంకా తియ్యలేదులే అనుకున్నాను.

అరుగుమీద ఆంటీ లేదు. అది మాత్రం నాకు నచ్చలేదు. మూడు రోజుల నుంచీ ఎక్కడికెళ్లినా ముందు కనపడేది ఆవిడే. ఆవిడని పొద్దున ఎవరైనా చూశారా అని అడిగాను. కాన్వెంటులో టిఫిన్ దగ్గర కూడా ఎవరూ చూడలేదట. ఇన్ని సందులున్న ఊళ్లో, భాష రాని చోట, ఆ మోకాళ్లతో ఆవిడ ఎటుపోయిందో అని చుట్టుపక్కల సందుల్లోకి పరిగెత్తి చూసొచ్చాను. సరిగ్గా అప్పుడే చౌకు అవతల బురుజు గడియారం కొట్టడం మొదలుపెట్టింది. అందరం తలెత్తి చూశాం.

"ఏమ్మా," అన్నారు కడప అంకుల్, "ఆ గడియారం పదకొండు చూపిస్తాండాది."

గడియారం పాడైందంకుల్ అన్నాను. ఆయన వినలేదు. తన వాచీ చూసుకుని, గడియారం చూసి, ఆకాశంకేసి చూసి, వేళ్లమీద ఏదో లెక్కేసుకున్నారు. ఆయన ముఖంలో రంగు మారడం నేను చూశాను.

"మనకు చలికాలం మొదలైంది గదా, గంట వెనక్కి తిప్పుకొని వచ్చినాం. వీళ్లకు చలికాలం అయిపోయింది. వీళ్లు ఈ పొద్దు తెల్లారేతలికి గంట ముందుకు తిప్పినారు. మన వాచీలన్నీ గంట వెనకుండాయి."

నాకు ఒక్కసారి ఓనరు నిక్కరూ, ఆయన చెప్పిన మాటా, సిస్టరు పోట్లాటా, ఊరి గంటా అన్నీ కళ్లముందు తిరిగాయి. పదిగంటల ప్రవేశం అయిపోయి గంటైంది. తలుపు ఇంకా తియ్యలేదని కాదు, ఒకసారి తీసి, మాకోసం చూసి, వేసేశారు. దబదబ బాదాను. లోపల ఎవరూ పలకలేదు. అక్కడే మెట్లమీద కూలబడ్డాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

ఎవరో అన్నారు, మీరు తొమ్మిదింటికే రమ్మన్నారు కదా, తొమ్మిదికే వచ్చుంటే దొరికేదేమో అని. ఇంకొకరు, ఈ అమ్మాయి తొమ్మిదంటే పది అని అర్థం, రోమ్‌లోనే తెలిసిపోయింది కదా అన్నారు. అంతే, గుట్టు రట్టయింది. అందరికీ తెలుసట. మొదటి రోజే కడప అంకుల్ కారణం కనిపెట్టి అందరికీ చెప్పేశారట. నేను గంట ముందు చెప్పడం, వాళ్లు గంట కలుపుకుని రావడం, ఇన్ని రోజులూ ఇదే నాటకం. వాళ్లు నా అబద్ధానికి ఎంత కచ్చితంగా కట్టుబడి వచ్చారో చూడండి. ఈ అమ్మాయి మనకి అబద్ధాలు చెప్పిందని ఒకావిడ గట్టిగానే అంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆఫీసు, ఓనరు, కంప్లయింట్లు, మళ్లీ జీవితాంతం ఇండియా టికెట్లు, అన్నీ కనిపించాయి.

అప్పుడు, ఆ ఏడుపు మధ్యలోనే, నా బుర్ర ఒక్క క్షణం పనిచేసింది. నేను చెప్పింది తొమ్మిది. వాచీలు గంట వెనక ఉన్నాయి. అంటే మా వాచీల్లో తొమ్మిదంటే ఈ ఊళ్లో పది. నేను చెప్పిన అబద్ధపు తొమ్మిదే ఆ రోజుకి అసలైన పది. నా మాట పట్టుకుని తొమ్మిదికే వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లు సరిగ్గా తలుపు తీసే వేళకి వచ్చినట్టు. అలా వచ్చే మనిషి మా గ్రూపులో ఒక్కతే.

అంకుల్, ఆంటీ లోపలికెళ్లింది అని అరిచాను. ఆయనకి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. నాకు మాత్రం కన్నీళ్లు తుడుచుకోవడం కూడా గుర్తులేదు, మెట్లమీద నిలబడి గంతులేస్తున్నాను.

పక్కసందులోంచి మాటలు వినిపించాయి. తెలుగు మాటలు, వాటికి ఇటాలియన్ జవాబులు. నీలం కోటు వేసుకున్న లావాటి తాళాలావిడ, ఆవిడ చెయ్యి పట్టుకుని మా ఆంటీ. ఇద్దరూ కాఫీ తాగొస్తున్నారు. ఆంటీ ముఖం చూడగానే ఇంకేం అడగక్కర్లేదని తెలిసిపోయింది. పరిగెత్తుకెళ్లి వాటేసుకున్నాను. స్వెట్టరుకున్న వాచీ నా భుజానికి గుచ్చుకుంది.

మీకోసం చూశాను, ఈవిడని కూడా ఆపాను, మావాళ్లు వస్తారు ఆగమ్మా అని తెలుగులో ఎంత చెప్పినా వినలేదు, నన్ను లోపలికి లాక్కెళ్లి తలుపేసింది అంది ఆంటీ. నేను తాళాలావిడ కాళ్లావేళ్లా పడ్డాను. ఆవిడ వేలు అడ్డంగా ఊపింది. లోపల పనివాళ్లు మళ్లీ గుడ్డలు కప్పేశారు, వచ్చే నెల రమ్మంది. వచ్చే నెల మేం వెల్లింగ్టన్ గాలిలో ఉంటాం. అంత దూరం వచ్చి, మిగతా అందరం ఆ హాలు చూడకుండానే తిరిగి వెళ్లాలి. అది ఖాయమైపోయింది.

నేను అబద్ధం చెప్పినందుకు ఆంటీకి క్షమాపణ చెప్పబోయాను. పూర్తి చెయ్యనివ్వలేదు.

"నాకు మొదటి రోజే తెలుసమ్మాయ్. నువ్వు చెప్పే టైముకి ఒక్కడూ ఉండకపోతే తెలవదా ఏంది?"

మరి రోజూ ఎందుకొచ్చేవారు ఆంటీ అన్నాను. డ్యూటీ ఎనిమిదింటికైతే ఏడింటికే వెళ్లి, రాత్రి చేసినవాళ్ల దగ్గర ఏ మంచంమీద ఎవరున్నారో కనుక్కుని మొదలుపెట్టడం ఆవిడకి అలవాటట. ఇక్కడా అంతే, ముందొచ్చి కూర్చుంటే ఊరి సంగతి తెలుస్తుందట. ఈ తాళాలావిడకి షుగరుందనీ, ఆవిడ కోడలితో పడదనీ కూడా తెలిసిందట. ఏ భాషలో తెలిసిందని నేను అడగలేదు.

ఓనరు దగ్గరికి ఆ ట్రిప్పు మీద ఒక్క కంప్లయింటు కూడా వెళ్లలేదు. ఆ మరుసటి ఏడాది రెండు గ్రూపులు అడిగి మరీ వచ్చాయి. దానికి కారణం ఆ తర్వాత ఆ మెట్లమీద జరిగిన సంగతే.

ముందు కడప అంకులే తేల్చారు. "మనం చూల్యా, సరే. ఆయమ్మ చూసింది గదా. చెప్పమనండి, విందాం." అందరం మెట్లమీద కూర్చున్నాం, ఎండ బాగా వచ్చింది. ఆంటీ మా ముందు నిలబడి హాలంతా చూపించడం మొదలుపెట్టింది. ఇదిగో ఇటు గోడమీద వరసగా మంచాలు. ఇద్దరు డాక్టర్లు గాజుసీసాలో పేషెంటు మూత్రం ఎత్తి పట్టుకుని పోట్లాడుకుంటున్నారు, పేషెంటేమో మధ్యలో బిక్కమొకం వేసుకుని ఇద్దర్నీ చూస్తున్నాడు, మన వార్డులో మాదిరే. అటు గోడమీద ఎవరో వదిలేసిపోయిన పసిపిల్లల్ని సాకడానికి పాలిచ్చే ఆడవాళ్లు వరసలో నిలబడ్డారు. మంచం కింద కుక్క ఎవరిదో చెప్పు నములుతోంది. ఆవిడ చెయ్యి చూపించిన వైపల్లా మేం తలలు తిప్పాం, నిజంగా గోడలున్నట్టే. దారినపోయే ఊరివాళ్లు కూడా ఆగి, తెలుగు అర్థంకాకపోయినా నిలబడ్డారు. మా గ్రూపు అంత బుద్ధిగా ఏ మ్యూజియంలోనూ వినలేదు.

నేను ఆగలేకపోయాను. ఆంటీ, ఆ చేతులు, ఆమె ముఖం అన్నాను.

ఆంటీ చుట్టూ చూసి, కడప అంకుల్‌ని పై మెట్టుమీద కూర్చోమంది. తను కింద మెట్టుమీద మోకాళ్లు పట్టుకుంటూ కూర్చుని, ఆయన కాలు తీసి తన ఒళ్లో పెట్టుకుంది. ఆయన కంగారుపడి, అపచారం తల్లీ, నా కాలు వొదులు అన్నారు. ఆవిడ వదల్లేదు. బూటు రెండు చేతులతో పట్టుకుంది, సరిగ్గా పుస్తకంలో ఉన్నట్టే అని చెప్పింది. తర్వాత తల పూర్తిగా వెనక్కి, భుజం మీదుగా నావైపు తిప్పింది.

"ఇదిగో, ఇట్టా. ఆమె ఆ కాలుకేసి చూడనే చూడట్లా. ఎనకమాల బిందె పట్టుకుని ఇంకొకామె నిలబడుంది. ఆమెతో కబుర్లు చెప్తోంది. నోరంతా తెరిచి నవ్వుతోంది అమ్మాయ్, పళ్లు కూడా కనపడుతున్నాయి."

అంటూనే ఆంటీ కూడా నవ్వింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, ఆపుకోవాలని చూడలేదు. పునీతురాలు కాదంట, తలచుట్టూ బంగారు చక్రం లేదంట, మామూలు పనిమనిషంట, చేతులు పైకి మడిచి ముడేసుకున్న పాత రవికంట. గుంటూరు సిస్టరుని పట్టుకొచ్చి చూపించాలని ఉందంట. పామర్‌స్టన్ నార్త్‌లో తన గురించి అలా రాసినావిడని కూడా. డ్యూటీలో అంత నవ్వుతూ మాట్లాడుతున్నా ఆ పళ్లెంలోంచి ఒక్క చుక్క నీళ్లు కింద పడలేదంట.

ఆవిడ నావైపే చూస్తూ చెప్పుకుపోతోంది. నేను ఎందుకో కిందికి చూశాను. ఒళ్లో ఆవిడ చేతులు చీరకొంగుతో అంకుల్ బూటుకి పట్టిన దుమ్ము తుడుస్తున్నాయి, మడమ దగ్గర నుంచి వేళ్లదాకా, మళ్లీ మడమ దగ్గర నుంచి. అంకుల్ కాలు వెనక్కి తీసుకోలేదు.